ఒంటికాలి షాట్ వెనక

2011 జూన్ 12. మయామిలో ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో ఆట. మొదటి సగం అయ్యేసరికి డర్క్ నోవిట్‌స్కీ పన్నెండు షాట్లు వేశాడు, పడింది ఒక్కటి. డాలస్ మావరిక్స్‌కి అతనే పెద్ద దిక్కు. పదమూడు సీజన్లుగా ఆ ఊరు పెట్టుకున్న ఆశంతా అతని మీదే. అలాంటివాడికి జీవితంలోకెల్లా పెద్ద ఆటలో చెయ్యి పలకలేదు. అయినా విరామానికి డాలస్ రెండు పాయింట్లు ముందే ఉంది. బెంచి మీంచి లేచి వచ్చిన జేసన్ టెర్రీ ఆ సగంలోనే 19 పాయింట్లు వేశాడు. రెండో సగంలో నోవిట్‌స్కీ మరో పదిహేను షాట్లు వేస్తే ఎనిమిది పడ్డాయి. డాలస్ 105-95తో గెలిచి, తన చరిత్రలో మొదటి ఛాంపియన్‌షిప్ అందుకుంది.

ఆ ఆటని నేను చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ నా కన్ను ఆ పదిహేను షాట్ల దగ్గరే ఆగుతుంది. పదకొండు తప్పినవాడికి మళ్లీ బంతి ఇవ్వాలంటే ఇచ్చేవాళ్లకి ధైర్యం కావాలి, తీసుకునేవాడికి అంతకన్నా ఎక్కువ కావాలి. ఆ ధైర్యం ఆ పూటకి పుట్టుకొచ్చింది కాదు. ఏళ్ల తరబడి, ఓటమి తర్వాత ఓటమి చూస్తూ, ఓపికగా కూర్చుని చేసుకున్నది. ఆ పనితనాన్ని కాస్త దగ్గర నుంచి చూపించాలని నా కోరిక.

మేముండే ప్లేనో నుంచి మావరిక్స్ ఆడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ ఇరవై మైళ్లు ఉంటుంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకి క్రికెట్ పిచ్చి, పిల్లలకి బాస్కెట్‌బాల్ పిచ్చి. శనివారం పొద్దున ప్లేనో స్పోర్ట్స్ అథారిటీ జిమ్‌కి వెళితే కోర్టు పక్కన కాఫీ కప్పులతో కూర్చున్న తల్లిదండ్రుల్లో తెలుగు మాట వినపడకుండా ఉండదు. ఆట అవగానే అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని పాయింట్లు వేశావురా?" తప్పు పట్టడానికేం లేదు, స్కోరుబోర్డు మీద కనిపించేది అదే కదా. కాని మన పక్క ఊళ్లోనే జరిగిన ఈ కథలో చూడవలసినవి చాలావరకు స్కోరుబోర్డుకి ఎక్కనివే.

ముందు షాట్ సంగతి. నోవిట్‌స్కీ 1978లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో పుట్టాడు. పదిహేను పదహారేళ్ల వయసులో హోల్గర్ గెష్‌విండ్‌నర్ కంట పడ్డాడు. ఈ గెష్‌విండ్‌నర్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ జట్టు కెప్టెన్. గణితం, భౌతికశాస్త్రం చదివినవాడు. బాగా పొడుగు కుర్రాడు దొరికితే మామూలు కోచ్ అయితే రింగు కింద నిలబెట్టి, తోసుకోవడం నేర్పుతాడు. ఈయన దూరం నుంచి వేయడం నేర్పాడు. అదీ లెక్క కట్టి మరీ.

ఆ లెక్క మనమూ వేసుకోవచ్చు. రింగు వ్యాసం 18 అంగుళాలు. బంతి వ్యాసం సుమారు తొమ్మిదిన్నర. బంతి నిట్టనిలువుగా పైనుంచి దిగితే 18 అంగుళాల దారీ దానిదే. 45 డిగ్రీల వాలులో వస్తే దానికి దొరికే సందు పన్నెండున్నర పైచిలుకు. 30 డిగ్రీలకి తగ్గిందంటే తొమ్మిది అంగుళాలే; రింగుకి తగలకుండా దూరే వీలే లేదు. ఎంత ఎత్తుగా వంపు తిప్పి వేస్తే అంత సందు దొరుకుతుందన్నమాట. అలాగని మరీ ఎత్తుగా వేస్తే బలం ఎక్కువ పెట్టాలి, అప్పుడు చేతిలో చిన్న తేడా వచ్చినా బంతి ఎక్కడికో పోతుంది. ఈ రెంటికీ మధ్య, ఆ అబ్బాయి ఎత్తుకీ చేతుల పొడవుకీ కుదిరే కోణం ఎక్కడుందో గురువు తేల్చాడు. తేల్చి వేళ్లకీ మణికట్టుకీ మోకాళ్లకీ విడివిడిగా సాధన చేయించాడు. శరీరం తూకం తెలియాలని పడవ తెడ్డు వేయించాడు, కత్తిసాము చేయించాడు. లయ తెలియాలని శాక్సఫోన్ పట్టించాడు.

ఒంటికాలి షాట్ ఆ సాధనలోంచి వచ్చింది. రింగుకి వీపు పెట్టి నిలబడ్డ మనిషి చటుక్కున మళ్లుతాడు. ఒక్క కాలి మీద వెనక్కి ఒరుగుతూ లేస్తాడు. రెండో మోకాలు పైకొచ్చి తనకీ ఎదుటివాడికీ నడుమ అడ్డం పడుతుంది. బంతి తల మీదుగా, ఎవరి చెయ్యీ అందని ఎత్తుకి పోతుంది. ఒళ్లు వెనక్కి పోతూ ఉంటే చెయ్యి ముందుకి వేయాలి. ఒంటికాలి మీద ఆ తూకం రవ్వంత తప్పినా బంతి రింగు దాకా రాదు. కొత్తగా చూసేవాళ్లకి పడిపోతున్నవాడు ఏదో విసిరినట్టు ఉంటుంది. నాలుగుసార్లు చూశాక తెలుస్తుంది, ఏ కీలు ఎప్పుడు ఎక్కడుండాలో ముందే ఖాయమై ఉందని. అడ్డుకునేవాడికి చేయగలిగింది లేదు. అంత ఎత్తు మనిషి వెనక్కి ఒరిగి వేసే బంతిని అందుకోవాలంటే అతని మీద పడాలి, పడితే ఫౌల్. ఆ తరవాత కెవిన్ డురాంట్ లాంటి పెద్ద ఆటగాళ్లు ఆ షాట్‌ని ఎత్తి తమ ఆటలో పెట్టుకున్నారు. ఒక పనివాడికి అంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఇంత పనితనం ఉన్నా పదమూడేళ్లు కప్పు రాలేదు. 2006 ఫైనల్స్‌లో డాలస్ మొదటి రెండు ఆటలూ గెలిచింది. మూడో ఆటలో ఆరున్నర నిమిషాలు ఉందనగా 13 పాయింట్లు ముందుంది. మయామి తరఫున డ్వేన్ వేడ్ ఆ తేడా అంతా చెరిపేశాడు. 3.4 సెకన్లు ఉండగా నోవిట్‌స్కీకి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. రెండూ పడితే స్కోరు సమం. ఒకటి తప్పింది. ఎవరూ అడ్డం రాని, ఎవరూ తొయ్యని షాట్, తీరిగ్గా నిలబడి వేసుకునే షాట్ తప్పింది. 98-96. ఆ తరవాత వరసగా మరో మూడు ఓడిపోయి కప్పు వదులుకున్నారు.

మరుసటి ఏడు 82 ఆటల్లో 67 గెలిచి లీగ్ మొత్తానికి పైన నిలిచారు. తీరా ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే, ఎనిమిదో స్థానంతో వచ్చిన గోల్డెన్ స్టేట్ చేతిలో 4-2తో ఓడిపోయారు. అక్కడి కోచ్ డాన్ నెల్సన్. కుర్రవాడిగా వచ్చిన నోవిట్‌స్కీని డాలస్‌లో నిలబెట్టింది ఆయనే. కాబట్టి అతని లోపం ఎక్కడుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎత్తు తక్కువైనా దిటవుగా ఉన్నవాళ్లని అతని ఒంటికి ఆనించి పెట్టాడు. అతను బంతి కిందికి దించగానే ఇద్దరు ముగ్గురు కమ్ముకున్నారు. ఆఖరి ఆటలో పదమూడు షాట్లకి రెండే పడ్డాయి. ఆ ఏటి మేటి ఆటగాడి బహుమతిని లీగ్ ఆ ఓటమి తరవాత అతని చేతిలో పెట్టింది. అది అందుకుంటున్న మొహం చూస్తే నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఆ వేసవి నోవిట్‌స్కీ గురువుని వెంటబెట్టుకుని ఆస్ట్రేలియా వెళ్లి, మారుమూల ప్రాంతాల్లో వారాల తరబడి తిరిగాడు. తిరిగొచ్చాక నెల్సన్ ఎక్కడ కన్నం వేశాడో సరిగ్గా అక్కడే పని పట్టాడు. పొట్టివాడు మీదికొస్తే బంతిని నేల మీద కొట్టుకుంటూ దారి వెతకడం మానేశాడు. ఫ్రీ త్రో గీత చుట్టుపక్కల వీపు ఆనించి నిలబడి, బంతిని ఎత్తులోనే ఉంచి, అక్కడి నుంచే మళ్లి వేయడం మొదలుపెట్టాడు. ఒంటికాలి షాట్‌కి పూర్తి పదును వచ్చింది ఆ ఓటమి తరవాతేనని నా అభిప్రాయం. నెల్సన్ ఆ దెబ్బ కొట్టకపోతే 2011 లేదు. అప్పటి యజమాని మార్క్ క్యూబన్ కూడా ఆ కోపంలో నోవిట్‌స్కీని ఇంకో జట్టుకి పంపేయలేదు. ఆటల వ్యాపారంలో అది చిన్న సంగతి కాదు.

2011 జట్టు సంగతికొస్తే, 2006 నాటివాళ్లు ఇద్దరే మిగిలారు: నోవిట్‌స్కీ, టెర్రీ. తక్కినవాళ్లలో చాలామంది ఎక్కడో ఒకచోట దెబ్బ తిని వచ్చినవాళ్లే. జేసన్ కిడ్‌ని 1994లో ఎంచుకున్నదీ డాలసే, రెండున్నరేళ్లకల్లా ఫీనిక్స్‌కి పంపేసిందీ డాలసే. 2008లో మళ్లీ తెచ్చుకున్నారు. కుర్రతనంలో దూరం నుంచి వేయడం చేతకాదని వెక్కిరింపులు పడ్డ మనిషి, కాళ్లు నెమ్మదించే వయసులో ఆ మూడు పాయింట్ల షాటే నేర్చుకుని, దాని బలంతోనే 38వ ఏట ఫైనల్స్ ఆడాడు. టైసన్ చాండ్లర్‌ని 2009లో ఓక్లహోమా సిటీ ట్రేడ్‌లో తీసుకుని, వైద్య పరీక్షలో కాలి వేలు చూసి వద్దని తిప్పి పంపింది. పోర్టోరికో కుర్రాడు జె.జె. బరేయాని, జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2006లో ఒక్క జట్టూ పిలవలేదు. రికార్డుల్లో అప్పట్లో ఆరడుగులని రాసేవారు గాని, పక్కన నోవిట్‌స్కీ నిలబడితే మరీ పొట్టిగా కనిపించేవాడు. జట్టులో ముఖ్యమైన స్కోరర్ కారన్ బట్లర్‌కి 2011 జనవరి 1నే మోకాలి దగ్గర స్నాయువు తెగింది. ఆ సీజన్‌లో మళ్లీ కోర్టు ఎక్కలేదు.

ఈ ముక్కలన్నిటినీ అతికిన విధానం చూడాలి. చాండ్లర్ చేసే ఒక పని ఉంది. తనవాడు వేసిన షాట్ తప్పి బంతి రింగు మీద లేస్తుంది. అవతలివాళ్లు ఇద్దరు నడుముతో నెడుతూ ఉంటారు. రెండు చేతులతో పట్టుకునే సందు ఉండదు. అప్పుడు ఒక్క చెయ్యి చాపి, వేళ్ల కొసలతో బంతిని వెనక్కి, మూడు పాయింట్ల గీత దగ్గర ఉన్న తనవాళ్ల వైపు తట్టేస్తాడు. పట్టుకోవడానికి పోడు, రింగులో వేయడానికి పోడు. ఆ తట్టుడుతో జట్టుకి ఇంకో షాట్ దక్కుతుంది, అప్పటి నియమం ప్రకారం కొత్తగా 24 సెకన్లు దక్కుతాయి. ఆ తట్టిన చోట తనవాడు ఉంటాడని వెనక్కి చూడకుండానే అతనికి తెలుసు. ఈ తెలివిడి ఒకరోజులో రాదు.

డిఫెన్స్ ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2008లో కోచ్‌గా వచ్చిన రిక్ కార్లైల్ ఆ బాధ్యతని అసిస్టెంట్ డ్వేన్ కేసీకి ఇచ్చాడు. ఎన్‌బీఏలో సాధారణంగా మనిషికి మనిషి కాపలా. ఒక్కో మనిషి ఒక్కో చోటుని కాచే జోన్ పద్ధతి అంటే అప్పట్లో చాలామందికి చిన్నచూపు. మనిషిని ఆపలేనివాళ్ల పద్ధతి అనేవారు. డాలస్‌కి ఆ మాట పట్టింపు లేకపోయింది. తమలో ముప్పై దాటినవాళ్లు ఎక్కువ, కుర్రాళ్ల వెంట పరుగెత్తి ఆపలేరు. ఆ నిజం ఒప్పుకుని, ఆ ఏడు ఏ జట్టూ వాడనంతగా జోన్ వాడారు. మన కబడ్డీలో చేతులు కలిపిన గొలుసుని చూసినవాళ్లకి దీని కిటుకు వెంటనే అర్థమవుతుంది. రైడర్ ఎడమ కొసకి పోతే కుడి కొస కూడా కదలాలి, ఒక్కడు ఆలస్యమైనా గొలుసు పనికిరాదు. ఆ సీజన్‌లో ఆటకి 26.7 పాయింట్లు వేసిన లెబ్రాన్ జేమ్స్, ఆ ఫైనల్స్‌లో సగటున 17.8 దగ్గర ఆగిపోయాడు. నాలుగో ఆటలో ఎనిమిదే. ఎదురు నిలిచింది ఎక్కువసేపు షాన్ మారియన్. అతన్ని దాటితే ఎదురయ్యేది చాండ్లర్. దాటి వస్తాడని చాండ్లర్‌కి ముందే తెలుసు.

దాడిలో వాళ్ల ప్రధాన ఆయుధం టెర్రీ, నోవిట్‌స్కీ ఇద్దరి ఆట. టెర్రీ బంతితో వస్తాడు. నోవిట్‌స్కీ అతని కాపలావాడి దారికి అడ్డంగా నిలబడతాడు. దీన్నే స్క్రీన్ అంటారు. టెర్రీ ఆ భుజాన్ని ఒరుసుకుంటూ పక్కకి జారతాడు. ఇప్పుడు అవతలి ఇద్దరూ రెప్పపాటులో తేల్చుకోవాలి. ఇద్దరూ టెర్రీ మీదికి పోతే నోవిట్‌స్కీ ఖాళీ. నోవిట్‌స్కీని వదలకపోతే టెర్రీకి షాట్. మనుషుల్ని మార్చుకుంటే, చిన్నవాడు నోవిట్‌స్కీ మీదికి వస్తాడు, ఇక ఒంటికాలి షాటే. 2007లో చిన్నవాడు మీదికి రావడమే అతని చావుకొచ్చింది. నాలుగేళ్లకి అదే అతను కోరుకునే స్థితి అయింది.

ఇదంతా ఒక్కచోట చూడాలంటే 2011 జూన్ 2 నాటి రెండో ఆట ఉంది. మొదటి ఆట మయామి గెలిచింది. అందులో నోవిట్‌స్కీ ఎడమచేతి మధ్యవేలి స్నాయువు తెగింది. రెండో ఆటలో 7 నిమిషాల 14 సెకన్లు ఉండగా వేడ్ సరిగ్గా డాలస్ బెంచి ముందు నిలబడి మూడు పాయింట్ల షాట్ వేశాడు. 88-73. వేసిన చెయ్యి దించకుండా నిలబడ్డాడు; మయామివాళ్లు అక్కడే సంబరం చేసుకున్నారు. అక్కడి నుంచి ఆట చివరిదాకా డాలస్ 22 పాయింట్లు వేస్తే మయామికి వచ్చినవి ఐదే. మొదలుపెట్టింది టెర్రీ. నడుమ కిడ్ ఒక మూడు పాయింట్లు, మారియన్ ఒక బుట్ట. ఆఖరి తొమ్మిది మాత్రం నోవిట్‌స్కీవి. 90-90 చేసింది ఎడమచేతి షాట్. ఆ వెంటనే మూడు పాయింట్లు. మయామి తరఫున మారియో చామర్స్ మూల నుంచి మూడు వేసి 93-93 చేశాడు. ఇంకా 24 సెకన్లు. బంతి నోవిట్‌స్కీ చేతికి వచ్చింది. ఎదుట క్రిస్ బాష్, డాలస్‌లో పుట్టి పెరిగినవాడు. అందరూ ఒంటికాలి షాట్ కోసం చూస్తున్నారు. బాష్ కూడా దానికే సిద్ధమై ఉన్నాడు. నోవిట్‌స్కీ అతన్ని దాటుకుని ఎడమవైపుగా దూసుకుపోయి, వేలు దెబ్బతిన్న ఆ ఎడమచేత్తోనే బంతిని రింగులోకి వదిలాడు. 3.6 సెకన్లు మిగిలాయి. 95-93.

అది అద్భుతం అన్నారు. నేనొప్పుకోను. పది రోజుల ముందు ఓక్లహోమా సిటీలో ఐదు నిమిషాలు ఉందనగా 15 పాయింట్లు వెనకబడి ఉండి అదనపు సమయంలో గెలిచినవాళ్లు వీళ్లే. అంతకు ముందు ఏప్రిల్‌లో పోర్ట్‌లాండ్‌లో 23 పాయింట్లు ముందుండి, బ్రాండన్ రాయ్ చేతిలో 84-82తో ఓడిందీ వీళ్లే. చేతిలోకొచ్చిన ఆట ఎలా జారిపోతుందో 2006 నుంచీ ఒంటికి తెలిసినవాళ్లు. జారుతున్న జట్టుకి కాళ్లు ఎక్కడ తడబడతాయో అందుకే వాళ్లకి కనిపించింది.

మూడో ఆట ఓడాక కార్లైల్ ఇంకో పని చేశాడు. అప్పటిదాకా మొదటి ఐదుగురిలో ఆడుతున్న డెషాన్ స్టీవెన్సన్‌ని బెంచికి పంపి, బరేయాని మొదటి నుంచీ దించాడు. ఫైనల్స్ మధ్యలో అంత పొట్టివాణ్ని ముందు పెట్టడం సాహసమే. బరేయా వేగానికి మయామి కాళ్లు అలిసిపోయాయి. నాకు స్టీవెన్సన్ మీదే ఎక్కువ గౌరవం. స్థానం పోయిందని ముడుచుకు కూర్చోలేదు. నాలుగో ఆటలో బెంచి మీంచి వచ్చి మూడు పాయింట్ల షాట్లు వేసి జట్టుని పట్టుకున్నాడు. ఆ ఆట నోవిట్‌స్కీ జ్వరంతో ఆడాడు. డాలస్ 86-83తో గెలిచింది. ఐదో ఆట కూడా గెలిచి మయామికి వెళ్లారు.

ఫ్రీ త్రోల మాట చెప్పి తీరాలి. 2006లో ఒక్కటి తప్పి మనసు విరిగినవాడు 2011లో ఓక్లహోమా మీద ఒక ఆటలో 24కి 24 వేశాడు. ఫైనల్స్‌లో 46 వేస్తే 45 పడ్డాయి. ఖాళీ జిమ్‌లో గురువుతో కలిసి వేసిన వేలాది షాట్ల ఫలం అది.

మా ప్లేనోలో చదువుకుని, ఇలాంటి పాఠాలు తరవాత నేర్చినవాడు ఒకడున్నాడు. జూలియస్ రాండల్ ఇక్కడి ప్రెస్టన్‌వుడ్ క్రిస్టియన్ అకాడమీ విద్యార్థి. 2014 అక్టోబరు 28న లేకర్స్ తరఫున తన మొదటి ఎన్‌బీఏ ఆటలోనే కాలి ఎముక విరిగి, ఆ సీజన్ అంతా పోగొట్టుకున్నాడు. 2021లో, న్యూయార్క్ తరఫున, లీగ్‌లో అందరికన్నా మెరుగుపడ్డ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. మధ్యలో ఏడేళ్లు. పక్కనే ఫ్రిస్కోలో మావరిక్స్ అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్ ఉంది. 2015లో మావరిక్స్ ఎంచుకున్న పంజాబ్ కుర్రాడు సత్‌నామ్ సింగ్, భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు, అక్కడే ఆడాడు. మావరిక్స్ జట్టులోకి రాలేకపోయాడు. అయినా మన పిల్లలకి ఒక దారి ఉందని చూపించిన మనిషి.

ఇంకో మాట బాధతోనే రాస్తున్నాను. 2024 ఫైనల్స్‌లో డాలస్ 4-1తో బోస్టన్ చేతిలో ఓడింది. 2025 ఫిబ్రవరిలో జట్టు తన ఇరవై అయిదేళ్ల లూకా డాంచిచ్‌ని లేకర్స్‌కి పంపేసింది. 2007లో ఇంతకన్నా అవమానకరమైన ఓటమి తరవాత నోవిట్‌స్కీని ఉంచుకున్న జట్టు ఇదే. ఓటమి చెప్పిన పాఠం పూర్తిగా వినకుండా పుస్తకం మూసేశారని నా నమ్మకం.

నోవిట్‌స్కీ ఇరవై ఒక్క సీజన్లు ఒకే జట్టుకి ఆడి, 31,560 పాయింట్లతో 2019లో విరమించాడు. 2022 క్రిస్మస్ నాడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ బయట అతని విగ్రహం పెట్టారు, ఒంటికాలి షాట్ వేస్తున్న భంగిమలో. అటు వెళ్లినప్పుడు పిల్లలకి చూపించండి. ఇంటికొచ్చాక 2011 ఫైనల్స్ రెండో ఆట ఆఖరి భాగం పెట్టి, ఒకసారి బంతి వెంట చూడనివ్వండి. రెండోసారి బంతిని వదిలేసి చాండ్లర్‌నో, మారియన్‌నో, బంతి లేని ఎవరో ఒకరినే పట్టుకుని చివరిదాకా చూడమనండి. ఉన్నది ఏడు నిమిషాల పద్నాలుగు సెకన్ల ఆటే.